చప్పుడు చేయని కార్డు

ఏసీ గదిలో మూడు కంప్యూటర్లలో బిగించిన మూడు గ్రాఫిక్స్ కార్డులూ ఒక్కతీరుగానే ఉన్నాయి. చప్పుడు లేదు, సెగ లేదు, మూడింటి ఫ్యాన్లూ పెళ్లిచూపుల్లో కూర్చున్నంత బుద్ధిగా తిరుగుతున్నాయి. రవీందర్‌కు ఒళ్లు మండుకొచ్చింది. పొద్దున ఏడింటికి చర్లలో బస్సెక్కి, భద్రాచలంలో దిగి, అక్కడ ఇంకో బస్సెక్కి, నడుం విరిగేలా ఊగి ఊగి ఖమ్మం చేరింది ఈ భాగ్యం చూడ్డానికా. చల్లటి గదిలో ఏ కార్డయినా చల్లగానే ఉంటుంది, ఇందులో పరీక్షేముంది. తన కంప్యూటర్ ఉండేది రేకుల కింద, చెయ్యి ఆనిస్తే గోడ కాలే గదిలో. ఇక్కడ నోరు మూసుకున్న కార్డు అక్కడికి పోయాక ఎంత గొంతు చేస్తుందో ఎవడు చెప్తాడు. గోడ గడియారం ఒకటిన్నర చూపిస్తోంది. మూడు గంటల బస్సు దాటిపోతే భద్రాచలంలో చర్ల ఆఖరి బస్సు దొరకదు, అది దొరక్కపోతే ఇవ్వాళ ఇల్లు చేరడం ఉండదు, ఇల్లు చేరకపోతే, ఇంట్లో దుర్గ ఉంది, అయిదేళ్ల పిల్ల, వాళ్లమ్మ ప్రమీల దగ్గరే ఉందనుకో, అయినా. గంటన్నరలో మూడింట్లో ఒకటి పట్టుకొని బయటపడాలి. ధర దగ్గర మూడూ అటూ ఇటూగా ఒకటే, ఆ వంక కూడా లేదు. ధరలో తేడా ఉంటే లేనివాడికి ఎంత సుఖం, తక్కువది తీసుకొని తప్పు దేవుడి మీద వేసేయొచ్చు.

కౌంటర్ వెనక మురళీకృష్ణ ఓపిగ్గానే ఉన్నాడు. సత్తుపల్లి వైపు మనిషి, నలభై దాటినవాడు, ఈ కంప్యూటర్ల షాపు పదిహేనేళ్లుగా నడుపుతున్నాడు. రవీందర్ పాత గ్రాఫిక్స్ కార్డు కొన్నదీ ఈయన దగ్గరే. పది రోజుల కింద అది కాలిన వాసన కొట్టి ఆగిపోయింది. కంప్యూటర్‌లో బొమ్మల పనంతా మోసేది ఆ కార్డే, అది పోయాక పెళ్లి వీడియోలు చేసేవాడికి కెమెరా ఉండీ పని ఉండీ చేతులు కట్టేసుకు కూర్చోవడమే. "చూడండి రవీందర్ గారూ, ఈ మొదటిది చిన్నది, రెండు ఫ్యాన్లు, పనిలో దీన్ని కొట్టేది లేదు. కాకపోతే వేడెక్కిందంటే కొంచెం గోల చేస్తుంది. ఈ రెండోది కరెంటు తక్కువ తాగుతుంది, చల్లగా ఉంటుంది, చప్పుడన్నదే రాదు. కాకపోతే నిదానం. ఈ మూడోది పెద్దది, మూడు ఫ్యాన్లది, పనీ బాగుంటుంది, చప్పుడూ తక్కువే. కాకపోతే కరెంటు బాగా లాగుతుంది, లాగిందంతా సెగ చేసి గదిలోకి వదులుతుంది." కాకపోతే, కాకపోతే, కాకపోతే. మనుషుల్ని చేసినవాడే ఈ కార్డుల్ని కూడా చేసినట్టున్నాడు, ఒక్కదానికీ అన్నీ ఇవ్వలేదు. "మీకు ఏది ముఖ్యమో అది చెప్పండి, నేను తేల్చేస్తాను," అన్నాడు మురళీకృష్ణ. ఏది ముఖ్యమో. చెవి ముఖ్యమా, పిల్ల ఒళ్లు ముఖ్యమా, పని ముఖ్యమా. చెప్పగలిగితే అయిదున్నర గంటలు బస్సులో ఎందుకు వస్తాడు, ఫోన్లోనే చెప్పి పార్సిల్ వేయించుకునేవాడు కాదా.

"చప్పుడు గురించి అంత పట్టింపేంటండీ, గొంతు రికార్డింగ్ ఏమైనా చేస్తారా?" అని అడిగాడాయన.

"కాదు సార్. నా పక్కల్నే పిల్ల పండుకుంటది."

"ఓస్, దానికేనా. పిల్లలకు అలవాటైపోతుందండీ. మావాడైతే మిక్సీ తిరుగుతుంటేనే నిద్రపోయేవాడు."

రవీందర్ మొదటి కార్డు ఫ్యాన్ల దగ్గరికి చెవి వంచాడు. అలవాటు. అలవాటు పిల్లకు కాదు సార్, తనకైంది, ఆ చప్పుడు అలవాటై అలవాటై దాని వెనక ఇంకో చప్పుడు ఉంటుందనే సంగతే మరిచిపోయాడు. అది రెండు నెలల కింద, ఇప్పపూలు రాలే రోజుల్లో. ప్రమీల పొద్దున్నే గంప తీసుకొని అడవికి పోయింది, దుర్గకు రాత్రి నుంచి ఒళ్లు వెచ్చగా ఉంటే మందు తాగించి, స్టూడియో గదిలోనే గోడవారగా ప్లాస్టిక్ నవారు మంచం మీద పడుకోబెట్టాడు. ఉన్నదే ఒక గది, ముందు షట్టరు, వెనక పొయ్యి పెట్టుకునే వసారా, కూలరున్నది ఈ గదిలోనే, కంప్యూటరున్నదీ ఈ గదిలోనే. మంచానికీ తన కుర్చీకీ మధ్య నాలుగడుగులు. ఒక పెళ్లి వీడియో రెండరింగులో పెట్టాడు, అంటే తీసిన ముక్కలన్నిటినీ కంప్యూటర్ ఒక్క సినిమాగా వండి ఇచ్చే పని, అది నడుస్తున్నంతసేపూ తెర మీద ఒకటి, రెండు, మూడు అని శాతాలు పెరుగుతుంటాయి, కార్డు ఫ్యాన్లు విమానం లేచిపోతున్నట్టు అరుస్తుంటాయి. షట్టరు దగ్గర పదిమంది ఉపాధిహామీ కార్డుల కోసం పాస్‌పోర్టు ఫొటోలు దిగి బయట చెట్టు నీడకు పోయి కూర్చున్నారు. వెనక్కి తిరిగి దుర్గను ఒకసారి చూశాడు, మంచిగా పడుకొని ఉంది, తెర మీద ముప్పై ఒకటి. కత్తెర తీసుకొని ఫొటోలు కత్తిరించడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత విన్నది ప్రమీల కేక. ఇప్పపూల గంప గడపలో పడేసి మంచం మీదికి దూకింది. పిల్ల కళ్లు తేలేసింది, పెదాలు నీలమయ్యాయి, దవడ బిగుసుకొని పళ్లు కొరుకుతోంది, మంచం కోడు నేలకు కొట్టుకుంటోంది, టక టక టక. నాలుగడుగుల్లో. తన వీపు వెనక. ఒక్క టక కూడా వినలేదు.

భద్రాచలం దవాఖానాలో డాక్టరమ్మ మంచిది, నిమ్మళంగా మాట్లాడింది. జ్వరంతో వచ్చే ఫిట్స్, చాలామంది పిల్లలకు వస్తాయి, ఆరేళ్లు నిండితే వాటంతటవే పోతాయి, అప్పటిదాకా ఒళ్లు కాలనివ్వకండి, వచ్చినప్పుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, అయిదు నిమిషాలు దాటితే ఈ మందు ముక్కులో కొట్టి తీసుకొచ్చేయండి, అయిదు నిమిషాలు దాటనివ్వకూడదు అదొక్కటే గుర్తుంచుకోండి. అంతా చెప్పి అడిగింది, ఇప్పుడు ఎంతసేపు వచ్చింది అని. ప్రమీల రవీందర్ మొహం చూసింది. రెండు నిమిషాలుంటది మేడం అన్నాడు. ఎట్లా వచ్చిందో నోట్లోకి ఆ మాట, ఎవరో వెనక నుంచి అందించినట్టే వచ్చింది. ఆమె రాసుకుంది. కాగితం మీద రెండు నిమిషాలు అని పడ్డాక అది నిజమైపోయింది, ప్రమీలకు నిజం, వాళ్లమ్మకు నిజం, వాడకట్టు వాళ్లందరికీ నిజం. తను మాత్రం ఇంటికొచ్చి కంప్యూటర్ తెర చూశాడు. ప్రమీల కేక వేసినప్పుడు తను హార్డ్ డిస్కు తీగ తన్నుకొని లేచాడు, అప్పుడు పని ఆగిపోయింది, ముప్పై నాలుగు దగ్గర. ముప్పై ఒకటికి చూశాడు, ముప్పై నాలుగుకు చూశాడు. ఆ పాత కార్డు ఒక్క శాతానికి నాలుగు నిమిషాలు తీసుకునేది. మూడు నాలుగులు పన్నెండు. పన్నెండులో రెండు కావచ్చు, పదకొండు కావచ్చు. అది చెప్పగలిగిన మనిషి ఒక్కడే, వాడు ఫొటోలు కత్తిరిస్తున్నాడు. మొన్న దుర్గ ఒకటి నుంచి పది దాకా చెబుతూ ఏడు మింగేసింది, ఆరు, ఎనిమిది అంది. అయిదేళ్ల పిల్లలు ఎవరు మింగరు ఏడు. నవ్వింది ప్రమీల. తనకు మాత్రం ఆ పన్నెండు నిమిషాలే ఏడును మింగేశాయనిపించింది.

"సార్, ఏసీ బంద్ చెయ్యరా జర," అన్నాడు.

మురళీకృష్ణ షాపులో ఉన్న మిగతా గిరాకీ వైపు చూపించాడు, ఇద్దరు కాలేజీ పిల్లలు, ఒక పెద్దాయన. బంద్ చేస్తే తన్ని పోతారండీ అన్నాడు నవ్వుతూ. తర్వాత రవీందర్ మొహంలో ఏం కనిపించిందో ఏమో, లేచి, మూడు కార్డులూ ఊడదీసి డబ్బాల్లో పెట్టి చంకన పెట్టుకున్నాడు. "పదండి, వెనక గోడౌన్ ఉంది. రేకులే. మా నాన్నగారు పత్తి విత్తనాలు దించుకునేవారు అందులో. మీ చర్ల ఎండకు మా ఎండ ఏమీ తీసిపోదు లెండి."

గోడౌన్ తలుపు తీస్తే మొహం మీద సెగ కొట్టింది. రవీందర్‌కు ప్రాణం లేచొచ్చింది, అచ్చం ఇల్లే. అట్టపెట్టెల మధ్య ఒక బల్ల, బల్ల మీద పైకప్పు లేని కంప్యూటరు, పరీక్షల కోసం పెట్టుకున్నది. తను తెచ్చిన హార్డ్ డిస్కు తగిలించాడు, అందులో కిందటి వారం తీసిన పెళ్లి ఉంది, అడవి ఊరి పెద్దాయన పగిడయ్య మనవరాలిది. రెండ్రోజుల పెళ్లి, ఎనిమిది గంటల వీడియో, అందులో అందరూ కలిసి డోళ్లకు ఆడే ఆటే నాలుగు గంటలు. ఈ నాలుగు గంటల ఆట దగ్గరే తన అన్నం ఉంది, తన బాధా అక్కడే ఉంది. భద్రాచలంలో మిక్సింగు నేర్చుకొని వచ్చిన కొత్తలో అందరిలాగే చేసేవాడు, డోళ్ల ఆటను మూడు నిమిషాలకు కోసి, పైన సినిమా పాట వేసి, పెళ్లికూతురు చుట్టూ గులాబీలు తిప్పి ఇచ్చేవాడు. అట్లాగే పగిడయ్య కొడుకు పెళ్లికీ ఇచ్చాడు. ఏడాది తిరిగాక పగిడయ్య అడవి దారిన నడిచొచ్చి స్టూడియోలో కూర్చున్నాడు, వీడియో పెట్టమన్నాడు, చివరిదాకా చూశాడు. "మా ముసల్ది ఏది బిడ్డా?" అన్నాడు. కొమ్మమ్మో ఏదో పేరు, ఆ వానాకాలమే పోయింది, మనిషి ఫొటో అన్నది ఇంట్లో ఒక్కటి లేదు, ఆట వరసలో చివర ఉండేదట. కోసి పారేసిన ముక్కలన్నీ వెతికితే దొరికింది. పక్కావిడ నడుం చుట్టూ చెయ్యి వేసి, చుట్టు తిరిగొచ్చినప్పుడల్లా కెమెరా ముందు నుంచి పోతోంది, ఆరుసార్లు పోయింది. పగిడయ్య ఆరుసార్లూ చూసి, ఇంకోసారి పెట్టు అన్నాడు. ఆ రోజు నుంచి ఆట కొయ్యడం మానేశాడు. రవీందర్ దగ్గర చేయిస్తే ఎవ్వల్నీ కోసెయ్యడు అని మాట పాకింది, డ్రోన్లు ఉన్న భద్రాచలం స్టూడియోలను వదిలి అడవి ఊళ్లన్నీ తన దగ్గరికే వస్తాయి. ఆట కొయ్యకపోతే పెళ్లి ఎనిమిది గంటలు, ఎనిమిది గంటల వీడియోను మోయాలంటే బలమున్న కార్డు కావాలి. ఇంకా అయిదు పెళ్లిళ్లు ఇంట్లో పడి ఉన్నాయి. వానలు పడ్డాయంటే ఆ ఊళ్లకు దారి ఉండదు, ఈలోపు ఇవ్వకపోతే ఆడపిల్ల అత్తారింటి నుంచి వాళ్లమ్మను చూసుకునేది ఎట్లా.

మురళీకృష్ణ మొదటి కార్డు పెట్టి పని మొదలుపెట్టాడు. శాతాలు పరిగెత్తాయి. నిమిషన్నరకు ఒకటి. రవీందర్ కళ్లు అక్కడే అతుక్కుపోయాయి, ఎంత బాగుంది, మధ్యాహ్నం పెడితే సాయంత్రం కల్లా పెళ్లి చేతికొచ్చేస్తుంది. అయిదు నిమిషాలకు కార్డు వేడెక్కింది, ఫ్యాన్లు మొదట ఈల వేశాయి, తర్వాత గొంతెత్తాయి, తర్వాత ఇంకేం చెప్పాలి, ఆ పాతదాని అన్నలాగే ఉంది. రవీందర్ బల్ల దగ్గర నుంచి నాలుగడుగులు కొలిచి, ఒక అట్టపెట్టె అక్కడికి జరిపాడు.

"సార్, మీరు గీడ కూసోండి. బల్ల మీది గా స్క్రూ మరలు రెండు పట్టుకోని ఒకదానికొకటి రాయండి. పళ్లు కొరికినట్టు రావాలె. నాకు చెప్పకుండ రాయండి. నేను బల్ల దిక్కు తిరిగి కూసుంట."

"ఈ పని చెయ్యడానికా మా నాన్న నన్ను ఇంజినీరింగ్ చదివించింది," అన్నాడు మురళీకృష్ణ, అయినా మరలు తీసుకొని అట్టపెట్టె మీద కూర్చున్నాడు.

రవీందర్ బల్ల వైపు తిరిగాడు. వీపు వెనక ఒక మనిషి ఉన్నాడు, మరలు రాస్తాడు, అంతే. చెవులు రెండూ వెనక్కి పెట్టాడు. చెమట వెన్నులో పాకుతోంది, ఫ్యాన్లు అరుస్తున్నాయి, రోడ్డు మీద ఎక్కడో జనరేటరు, అదా, కాదు, ఇదా, కాదు. రెండు నిమిషాలు. మూడు. ఈయన మొదలుపెట్టడేంది, మంచాయనే కానీ ఆటగా తీసుకున్నట్టున్నాడు.

"షురూ చెయ్యండి సార్," అన్నాడు తిరగకుండానే.

"మూడుసార్లు చేశానండీ," అన్నాడు మురళీకృష్ణ. "మూడోసారి అట్టపెట్టె మీద కొట్టాను కూడా."

రవీందర్ వెంటనే వెనక్కి తిరగలేదు. తిరిగితే మొహం చూపించాలి. తెర మీద ఏడు శాతం ఎనిమిదైంది. మురళీకృష్ణ మరలు జేబులో వేసుకొని లేచి వచ్చాడు, ఈసారి గొంతులో నవ్వు లేదు. "పాపకు ఒంట్లో ఏమన్నా..." అన్నాడు. అవ్ సార్, జ్వరమొస్తే ఫిట్స్, ఇంకో ఏడాది చూసుకోవాలె అన్నాడు రవీందర్. అయ్యో అన్నాడాయన. వేరే గదిలో పెట్టుకోలేరా అన్నాడు మురళీకృష్ణ, వేరే గదే లేదు. చిన్న కెమెరా పెట్టి తెర మీద ఒక మూల పాపను చూసుకోండి అన్నాడు. అది కూడా ఆలోచించకపోలేదు, ఆ రోజు తను చూసింది తెర కాదే, కత్తెర, చేతిలో ఒకటి ఉన్నప్పుడు కళ్లు ఇంకోటి చూడవు, దుప్పటి కప్పుకున్న పిల్ల కెమెరాలో ఒక దుప్పటి. చెవి ఒక్కటే, పని చేసుకుంటూ కూడా పిల్ల దగ్గర పెట్టి ఉంచగలిగింది. దాన్నే ఈ కార్డు తినేస్తుంది.

రెండోది పెట్టారు. అబ్బ, ఏం కార్డు, ఉందా లేదా అన్నట్టుంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో వంగి చూడాల్సి వచ్చింది. మురళీకృష్ణ పెట్టె మీద కూర్చుని మరలు మెల్లగా రాస్తే రవీందర్ వెంటనే చెయ్యెత్తాడు, ఇంకా మెల్లగా రాస్తే ఇంకా తొందరగా ఎత్తాడు. ఆయన గొంతు సవరించుకున్నది వినిపించింది, గోడ మీద బల్లి వినిపించింది. ఇదే, ఇదే కావాలి అనుకొని తెర చూశాడు. సున్నా. ఇంకా సున్నా. పెట్టి ఆరు నిమిషాలు దాటింది. ఒక్కో శాతానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుందండీ మీ పనికి అన్నాడు మురళీకృష్ణ. ఏడెనిమిది వందల నిమిషాలు, ఒక్క తప్పు దొర్లితే మళ్లీ మొదటి నుంచి, మధ్యలో కరెంటు పోయి ఇన్వర్టరు దిగిపోతే మళ్లీ మొదటి నుంచి, మా వైపు కరెంటు ఎట్లా ఉంటదో మీకు తెల్వదు సార్. అయిదు పెళ్లిళ్లు వానలకు ముందు అవ్వవు. పగిడయ్య మళ్లీ నడిచొచ్చి కూర్చుంటాడు, ఏమీ అనడు, అదే బాధ. అయిదు తర్వాత ఆరోది రాదు, ఆరోది డ్రోన్ల వాళ్లకు పోతుంది. అప్పుడు చెవులు రెండూ పిల్లకే, తిండి ఎవరు పెడతారు మరి, చెవులా.

మూడోది పెట్టారు. పొడుగ్గా, బరువుగా, మూడు ఫ్యాన్లు నెమ్మదిగా పెద్దమనిషి తీరు. శాతాలు మంచిగానే నడిచాయి, చప్పుడు ఓర్చుకోదగ్గదే, మరల రాపిడి మూడింటిలో మూడూ పట్టుకున్నాడు. ఆశ పుట్టింది. ఇంత దూరం వచ్చినందుకు ఇదొకటి దొరికిందిరా దేవుడా అనుకుంటూ దాని వెనక చెయ్యి పెట్టి, వెంటనే తీసేశాడు. కాగుతున్న పెనం ముందు పెట్టినట్టుంది. పది నిమిషాలకు ఇద్దరి చొక్కాలూ ఒంటికి అతుక్కున్నాయి, మురళీకృష్ణ తలుపు బార్లా తీశాడు, అయినా ఊపిరాడలేదు. ఆ చిన్న గదిలో, ఆ రేకుల కింద, మంచం నాలుగడుగుల్లో, గంటల తరబడి. పోనీ కూలరు పెడదామంటే కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు ఈ కార్డునూ కూలరునూ కలిపి మోయదు, ఏదో ఒకటి ఆపాలి. ఒళ్లు కాలనివ్వకండి అంది డాక్టరమ్మ. ఒళ్లు కాలితేనే కదా అది వచ్చేది, వచ్చేలా చేసుకొని, వచ్చినప్పుడు మంచిగా వినబడుతుందని సంతోషపడాలా. రవీందర్‌కు నవ్వొచ్చింది, ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చింది. మూడు కార్డులు బల్ల మీద పెట్టి ఇందులో ఏది నీ పిల్లకు చెడ్డది చెప్పు అని అడిగితే తండ్రన్నవాడు ఏం చెప్తాడు. అన్నీ అని చెప్పి ఇంటికి పోవచ్చు. ఇంటికి పోయి ఏం చెయ్యాలి.

"ఇంకొక్కసారి మొదటిది పెట్టండి సార్. రెండడుగుల నుంచి ఇనబడ్తదేమో చూస్త." మంచం జరుపుకుంటే రెండడుగులకు వస్తుంది, కార్డు గాలి సగం దాని మీదే కొడుతుంది, అయినా చూద్దాం. మురళీకృష్ణ మళ్లీ మార్చాడు. గడియారం రెండూ ముప్పై అయిదు. బస్టాండు పది నిమిషాల దూరం. కార్డు వేడెక్కి అరవడం మొదలుపెట్టింది, రవీందర్ వెనక్కి తిరిగి కూర్చోబోతుండగా ఫోను మోగింది. ప్రమీల.

"ఏమయ్యా, తీసుకున్నవా?"

"చూస్తున్న. పిల్ల మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది. ఒళ్లు జర వెచ్చగయింది, తొంభై తొమ్మిది. తడిబట్టేసిన, మందు తాపిన. పండుకో అంటే పండుకుంటలేదు. పది రోజుల సంది గిదే తీరు గదా, మధ్యానం కన్ను మూస్తలేదు."

తొంభై తొమ్మిది. తొంభై తొమ్మిది ఏమీ కాదు, ఎండకు కూడా వస్తుంది, నూరు దాటితే కదా. కానీ సాయంత్రానికి. కానీ బస్సు. భద్రాచలం బ్రిడ్జి మీదికి వచ్చేసరికే చీకటి పడుతుంది. ఫోను చెవికి పెట్టుకొని గోడౌన్లో అటు నుంచి ఇటు నడిచాడు, ఎటు నడిచినా కార్డు అరుపు.

"గదేం సప్పుడు?" అంది ప్రమీల.

"కార్డే. ఆగు, బంద్ చెయ్యమంట."

అవతల ఏదో గుంజులాట, ఫోను చేతులు మారింది. "నానా," అంది దుర్గ. నిద్ర లేని గొంతు, బొంగురుగా ఉంది. "నీ మిషిని బాగైందా?"

"అవ్ బిడ్డా. బాగైంది."

"బంద్ చెయ్యకు మరి. నేను పండుకుంట."

రవీందర్ ఫోనును చూశాడు, మళ్లీ చెవికి పెట్టుకున్నాడు. కార్డు అరుస్తోంది, మురళీకృష్ణ బల్ల దగ్గర నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. ఎంతసేపో తెలియదు, అయిదు నిమిషాలు ఉండొచ్చు, ఫోనులో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ప్రమీల గొంతు, గుసగుసగా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని మాట్లాడుతున్నట్టుంది.

"పండుకుంది. సూడు, పది రోజులకు. గా సప్పుడుకే. నిన్న నేను అడిగిన, ఎందుకు పండుకుంటలేవే అని. ఏమన్నదో ఎరుకేనా. మిషిని మోగుతుంటే నాన మేలుకోని నన్ను సూస్తున్నట్టట. మోగకపోతే నువ్వు గూడ పండుకున్నవట, ఎవ్వలు సూస్తలేరట, అప్పుడు మల్ల గట్ల అయితే ఎట్ల అని భయమైతదట. గింతంత పిల్ల, సూడు ఎట్ల ఆలోచిస్తదో. ఇంటున్నవా?"

"ఇంటున్న."

"ఫోను గిట్లనే దాని చెవి కాడ పెడ్త. కట్ చెయ్యకు, సప్పుడు ఆగితే లేస్తది. నేను ఆకు కొనే కల్లంల తునికాకు కట్టలు అప్పజెప్పి వస్త, మూడింటికి బంద్ చేస్తరు. అర్ధగంటల వస్త. నువ్వున్నవు గదా, ఇంటనే ఉండు."

"ప్రమీలా, ఆగు," అన్నాడు. "పోకు." అప్పటికే ఫోను దిండు మీద పెట్టేసిన చప్పుడు, తలుపు దగ్గరికేసిన చప్పుడు, అవి కూడా సగమే వినిపించాయి. గట్టిగా పిలుద్దామని నోరు తెరిచాడు. తను గట్టిగా పిలిస్తే ఆ పిలుపు పోయేది ప్రమీల చెవిలోకి కాదు, పిల్ల చెవిలోకి. లేస్తుంది, పది రోజుల నిద్ర. పిలిచి మాత్రం ఏమని చెప్తాడు. ఈ మిషిని మోగుతుంటే నాకేమీ వినబడదే, ఆ రోజు కూడా వినబడలేదే, రెండు నిమిషాలు కాదే అది, పన్నెండైనా కావచ్చే, నేను నాలుగడుగుల్లో ఉండి కూడా లేనే. ఇన్నాళ్లూ చెప్పనిది అయిదున్నర గంటల దూరం నుంచి, పిల్ల చెవి మీదుగా చెప్తాడా. తెరిచిన నోరు అట్లాగే ఉంది. వీపు వెనక మనిషి ఉన్నాడనుకొని నిద్రపోయింది అది.

"రవీందర్ గారూ," అన్నాడు మురళీకృష్ణ, మెల్లగా. "రెండూ నలభై ఎనిమిది. ఏది ప్యాక్ చెయ్యమంటారు?" అని, సమాధానం కోసం చూస్తూ కార్డు ఆపడానికి స్విచ్ వైపు చెయ్యి చాచాడు.

రవీందర్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. "ఆపొద్దు సార్," అన్నాడు, ఊపిరితో అన్నంత చిన్నగా. ఆయన అర్థం కాక చూశాడు, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. రవీందర్ రెండో చేత్తో ఫోనును చెవిలోకి అదుముకున్నాడు, కళ్లు మూసుకున్నాడు. ఊపిరి వినాలి, అంతే, ఒక్కసారి లోపలికి, ఒక్కసారి బయటికి. ఈ ఫ్యాన్ల గోలే ఫోనులో పడి చర్ల పోయి, దిండు మీద మోగి, మళ్లీ తన చెవిలోకి వస్తోంది. దాని వెనక ఇంకేదైనా ఉందేమోనని విన్నాడు. ఫ్యాన్లే వినిపించాయి.